మడుగు చుట్టుదారి

లక్ష్మీదేవమ్మ చూస్తుండగానే పోలీసులు పుట్టీలను గడ్డపారలతో పొడిచారు. బీచుపల్లికి దిగువన కృష్ణ ఒడ్డున ఆరబెట్టిన పదకొండు పుట్టీలు, బుట్టల్లాంటి గుండ్రటి పడవలు. వెదురు అల్లి, సంచులు కుట్టి, తారు పూసి ఒక్కటి తయారు చేయాలంటే ఇంటిల్లిపాదీ పది రోజులు నడుం వంచాలి. పొడవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. చివరిది ఆమె భర్త తిమ్మప్పది. ఆయన పోయి పదమూడు రోజులే అయింది. దాని వెదురు దబ్బలు కూడా విరగ్గొట్టారు.

"పుట్టీ గుద్దితేనే మోటారు బోటు మునిగింది. ఇగ నదిల పుట్టీ కనపడొద్దు," అన్నాడు ఎస్సై.

ఎంత అబద్ధం! జరిగిందేమిటో వినండి.

దేవుణ్ణి చూసుకుని వచ్చిన జనాన్ని నది నడుమ లంక దాకా తిప్పి తేవడం ఈ పుట్టీలవాళ్ల బతుకు. లంకకు పోయే దారిలో లోతైన మడుగు ఒకటుంది. వానకాలంలో మాత్రం దాని మీదుగా పోరు. అక్కడ చేప గుడ్లు పెడుతుంది. తాతలనాటి కట్టుబాటది. చుట్టూ తిరిగి పోతే భుజాలు పడిపోయేవి. అయినా ఆ చుట్టుదారి చల్లదనం కోసమే కర్నూలు నుంచి, హైదరాబాదు నుంచి జనం మళ్లీ మళ్లీ వచ్చేవారు.

రెండువేల ఐదులో ఒక కాంట్రాక్టరు రేవును లీజుకు పట్టాడు. లాడ్జి లేపి, దాని మురుగు గొట్టాన్ని తిన్నగా మడుగులోకి వదిలాడు. వాడి డీజిలు బోట్లు మడుగు నడిమధ్య నుంచే తిరిగాయి. మొదటి ఏడు జనం విరగబడి వచ్చారు. రెండో ఏటికి చేపలు చచ్చి తేలాయి. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని వెనక్కి పోయారు.

తిమ్మప్ప వెళ్లి మొత్తుకున్నాడు. "నీళ్లు జూడనీకే గద సారూ, జనం వచ్చేది? నీళ్లే సచ్చిపోతే నీ లాడ్జికి ఎవడొస్తడు? నీ యాపారం కోసమన్న ఆ గొట్టం మూయి."

కాంట్రాక్టరు నవ్వాడు. "నాది మూడేండ్ల లీజు తిమ్మప్పా. అటెనక నది ఏమైతే నాకేంది?"

అదీ అసలు మాట! వాడికి నది మూడేళ్లు బతికితే చాలు. వీళ్ల పిల్లలకు అది ఎప్పటికీ కావాలి.

రాబడి తగ్గేసరికి వాడు బోటులో పట్టనంత మందిని కుక్కాడు. మడుగులో బోటు ఒరిగింది. కేకలు విని తిమ్మప్ప పుట్టీ వేసుకుని పోయాడు. ఆరుగుర్ని ఎక్కించుకున్నాడు. ఏడో మనిషి ఎక్కితే పుట్టీ మునుగుతుంది. ఆ ఏడో మనిషి తనే. నీళ్లలోకి దిగి పుట్టీని నెట్టుకుంటూ వచ్చాడు. పుట్టీ ఒడ్డుకు తాకింది. వెనక ఆయన లేడు.

పుట్టీలు పొడిచిన సాయంత్రం గుడిసెల మధ్య అందరూ కూర్చున్నారు.

"సర్కారు వాని దిక్కుంది వదినా. బొంబైకి పోదం. మట్టి పనన్న దొరుకుతది," అన్నాడు తిమ్మప్ప తమ్ముడు శ్రీశైలం.

"పోదం. మరి మీ అన్నను ఏడ ఇడిసిపెట్టి పోదం రా?"

చేపలు వేయించి అమ్మే ఎస్తేరమ్మ లేచింది. "నా పొయ్యి ఆరి ఆర్నెల్లాయె. కొబ్బరికాయలోళ్లది గంతే. మేమంత మీ ఎంబడి వస్తం. ఏం జెయ్యాల్నో చెప్పు అక్కా."

"మనం ఆడోళ్లం రోడ్డుకు అడ్డం కూసుందం. పోలీసులంత గాడికే వస్తరు," అంది లక్ష్మీదేవమ్మ. మగవాళ్ల వైపు తిరిగింది. "మీరు పుట్టీలు కుట్టి నదిల దించుండ్రి."

మూడోనాడు పొద్దున్నే ఆడవాళ్లు తిమ్మప్ప పుట్టీని నెత్తిన మోసుకొచ్చి హైవే నడుమ బోర్లించారు. దాని చుట్టూ కూర్చున్నారు. లారీలు బారులు తీరాయి.

"గొట్టం మూయాలె! పుట్టీలు తిరగాలె!"

బూతులు తిడుతూ దిగిన ఒక లారీ డ్రైవరు, సంగతి విని, తన నీళ్ల క్యాను తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు.

మధ్యాహ్నానికి పోలీసులు అందర్నీ ఈడ్చి వ్యానెక్కించారు. ఎస్తేరమ్మ మోచెయ్యి చీరుకుపోయింది. వ్యాను వంతెన మీదికి వచ్చాక లక్ష్మీదేవమ్మ జాలీలోంచి కిందికి చూసింది.

నదిలో ఒక పుట్టీ. దాని వెనక ఇంకొకటి. మొత్తం పది. మాసికలు వేసిన చోట కొత్త తారు మెరుస్తోంది. ముందు శ్రీశైలం తెడ్డు వేస్తున్నాడు. ఎక్కేవాళ్లు ఒక్కరూ లేరు. మడుగులో గుడ్లు పెట్టే చేప మిగిలిందో లేదో ఎవరికీ తెలియదు. అయినా శ్రావణమాసం. పది పుట్టీలూ మడుగును తాకకుండా చుట్టూ తిరిగి పోతున్నాయి.

భర్త పోయిననాటి నుంచి కంటతడి పెట్టని లక్ష్మీదేవమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే పిడికిలితో జాలీని గుద్దింది.

"గొట్టం మూయాలె!"

వ్యానంతా ఆ మాట అందుకుంది.