ఎవరు చేసిన సరుకో

పైడిభీమవరం దగ్గరున్న ఆ కెమికల్ ఫ్యాక్టరీలో నీలవేణి చేసే పని చెప్పడానికి సులువే. ముడిసరుకు అయిపోకముందే మళ్లీ వచ్చేలా చూడటం. కానీ ఆ సరుకు చైనాలో ఓడెక్కి, సింగపూర్‌లో ఓడ మారి, విశాఖ రేవులో దిగి, లారీ మీద రావాలి. దానితో ఇక్కడ మూర్ఛరోగం మందుకి కావలసిన పొడి చేస్తారు. ఆ పొడి టర్కీ వెళ్లి మాత్రలవుతుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర కిరాణా హోల్‌సేల్ చేసే ఇంట్లో పుట్టిన నీలవేణికి ఇందులో పెద్ద వింతేమీ కనిపించేది కాదు. "మా నాన్న అనకాపల్లి నుంచి బెల్లం తెప్పించేవారు. నేను ఇంకొంచెం దూరం నుంచి తెప్పిస్తన్నాను, అంతే" అని నవ్వేది.

2017 అక్టోబరులో ఆ నవ్వు పోయింది.

చైనా ఫ్యాక్టరీలో లిన్ అనే ఆవిడ ఉండేది. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. కానీ ఆరేళ్లుగా రోజూ ఫోన్‌లో రాసుకుంటూ, పిల్లల పరీక్షలూ అత్తగారి మోకాళ్ల నొప్పులూ కూడా చెప్పుకునేంత దగ్గరయ్యారు. ఒకరోజు పొద్దున్న లిన్ రెండే మాటలు రాసింది: "కాలుష్యం తనిఖీ. మమ్మల్ని మూసేశారు."

"ఎన్నాళ్లు?" అని అడిగింది నీలవేణి.

"ఎవరికీ తెలీదు."

గోడౌన్‌లో తొమ్మిది వారాల సరుకుంది. ఇంకో చోట సరుకు చూసి పెట్టుకుందామని నీలవేణి అంతకు ముందు ఏడే అడిగింది. యజమాని రంగనాథం వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఇరవై ఏళ్ల కిందట రెండు షెడ్లతో మొదలుపెట్టి ఇంతవాడైన మనిషి. ఇన్నాళ్లూ ఆగనిది ఇప్పుడెందుకు ఆగుతుందిలే అనుకున్నాడు.

నవంబరు చివర్లో ఆయనే ఒక దారి చూపించాడు. ముంబైలో ఒక వ్యాపారి దగ్గర అదే చైనా ఫ్యాక్టరీ సరుకు ఎనభై డ్రమ్ములున్నాయట. వారం తిరక్కుండానే లారీ వచ్చేసింది. ఊపిరి పీల్చుకుని నీలవేణి గోడౌన్‌కి వెళ్లింది.

డ్రమ్ములు దింపుతున్న కొండబాబు ఆమెను చూసి పని ఆపాడు. రణస్థలం పక్క పల్లెవాడు, కాంట్రాక్టు కూలీ.

"మేడం, ఇలా రండి. ఈ డ్రమ్ములు మనవి కావండి."

"అదేటి కొండబాబూ, లేబులుంది కదా?"

"లేబులుకేటండి, ఎవుడైనా అంటిస్తాడు. మూత రింగు సూడండి. మన సైనా డ్రమ్ముకి నల్లరింగుంటాది. దీనికి తెల్లది. ఆరేళ్లనుంచి దింపుతన్నాను, నాకు తెల్దేటి?"

నీలవేణి వంగి లేబులు చదివింది. తయారైన తేదీ నవంబరు మూడు. లిన్ ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి మూడు వారాలు దాటింది.

ల్యాబ్‌లో ఝాన్సీ రెండు రోజులు పరీక్షలు చేసింది. ఆవిడ చేతిలోంచి తప్పుడు సరుకు దాటిపోవడం నీలవేణి ఎప్పుడూ చూడలేదు.

"అన్నీ పాసయ్యాయి. ఇదిగో, ఈ గ్రాఫులో ఒక చిన్న గీత కొత్తగా ఉంది, అంటే ఇంకేదో కలిసింది. అదేంటో నాకు తెలీదు. కానీ ఉండొచ్చన్న హద్దులోపలే ఉంది. రూలు ప్రకారం నేను ఆపలేను" అంది ఝాన్సీ.

నీలవేణి డ్రమ్ము ఫొటో తీసి లిన్‌కి పంపింది. "ఇది మీరు చేసిందేనా?"

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది: "నీలా, నన్ను ఇది అడగకు." గంట తర్వాత మాట లేకుండా ఒక ఫొటో వచ్చింది. ఫ్యాక్టరీ గేటు, దానికి అడ్డంగా అంటించిన ప్రభుత్వం సీలు కాగితం, ఆ కాగితం మీద అక్టోబరు తేదీ. ఆ ఫొటో పంపడానికి లిన్ ఎంత భయపడి ఉంటుందో నీలవేణికి అర్థమైంది. అదే లిన్ దగ్గర్నుంచి వచ్చిన చివరి కబురు. తర్వాత ఎన్నిసార్లు రాసినా అవతల ఎవరూ లేరు.

రంగనాథం ఆ ఫొటో చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"ల్యాబ్ పాసు చేసింది కదమ్మా. ఇంకేటి అడ్డం? వాళ్ల పక్క ఫ్యాక్టరీలో చేయించారేమో."

"ఎవరు చేసేరో తెలీదు సార్. మనం వెతికేవే టెస్టులో దొరుకుతాయి. వెతకనివి దొరకవు. అవతల మూర్ఛ వచ్చేవాళ్లు మింగుతారు. పిల్లలు కూడా."

"అరవై మంది కాంట్రాక్టు వాళ్లున్నారు. వాళ్లకీ పిల్లలున్నారు." ఆయన గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది. "ఈ సరుకు వాడొచ్చని ఒక్క సంతకం. నువ్వు చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు. సాయంత్రం దాకా ఆలోచించుకో."

నీలవేణి తన గదిలోకి వచ్చి కూర్చుంది. నాన్న కొట్టులో ఒకసారి కల్తీ కందిపప్పు వస్తే ఆయన బస్తా వెనక్కి పంపేసి చేతులు దులుపుకున్నాడు. ఇక్కడ వెనక్కి పంపితే అరవై ఇళ్లలో పొయ్యి ఆగుతుంది. పంపకపోతే ఏమవుతుందో, అసలు ఏమైనా అవుతుందో లేదో చెప్పేవాళ్లే లేరు. మూడింటికి ఆమె టర్కీ కంపెనీకి ఉత్తరం టైపు చేసింది. మా సరుకు ఇచ్చే ఫ్యాక్టరీ మూతపడింది, చేతికొచ్చిన సరుకు ఎక్కడిదో తెలీదు, దాన్ని వాడబోవడం లేదు, ఆలస్యమవుతుంది అని. ఇంకోసారి చదువుకుంది. పంపేసింది.

"ఇంటిగుట్టు వీధిలో పెట్టేసేవు కదమ్మా!" అని రంగనాథం బల్ల చరిచాడు. ఆమెను పనిలోంచి తీసేస్తాడనే అందరూ అనుకున్నారు. కానీ కొత్త సరుకు వెతకడానికి ఆమె తప్ప మరొకరు లేరు.

డిసెంబరు రెండోవారంలో ప్లాంటు ఆగింది. కాంట్రాక్టరు అరవై మందినీ గేటు దగ్గర నిలబెట్టి, పిలిచినప్పుడు రండి అన్నాడు. కొండబాబు టిఫిను డబ్బా పట్టుకుని తిన్నగా నీలవేణి దగ్గరకొచ్చాడు.

"డ్రమ్ములొచ్చేయి గదండీ, పనెందుకు ఆపేసేరు?"

"నువ్వు చెప్పిందే నిజమైంది కొండబాబూ. అవి మనవి కావు."

అతను డబ్బా చంకలో పెట్టుకున్నాడు. "అయితే నా నోటితో నేనే నా పని పోగొట్టుకున్నానన్నమాట" అని వెళ్లిపోయాడు.

ఇటలీలో ఒక చిన్న ఫ్యాక్టరీ దొరికింది. శాంపిళ్లు, కాగితాలు, పరీక్షలు, ఓడ అన్నీ కలిపి పదకొండు వారాలు పట్టింది. టర్కీ వాళ్లు మర్యాదగానే జవాబు రాశారు, కానీ ఆర్డరు సగానికి తగ్గించేశారు. మిగతా సగం ఎవరికి ఇచ్చారో చెప్పలేదు. తెల్లరింగు డ్రమ్ములు ముంబైకి వెనక్కి వెళ్లాయి. ఆ వ్యాపారి వాటిని ఇంకెవరికో అమ్మే ఉంటాడు. ఆమె తర్వాత నెలల తరబడి వార్తలు వెతికింది. ఏ ఊళ్లోనూ ఎవరికీ ఏమీ అయినట్టు కనిపించలేదు. దానికి సంతోషించాలో, ఏమనుకోవాలో ఆమెకు తెలియలేదు.

మార్చిలో ప్లాంటు మళ్లీ తిరిగింది. అరవైలో ముప్పై ఐదుగురినే పిలిచారు. కొండబాబు పేరు కూడా రాయమని నీలవేణి కాంట్రాక్టరుని రెండుసార్లు అడిగింది. మనిషి ఊళ్లో లేడన్నాడు.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్న విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రణస్థలం బస్సు కోసం నిలబడ్డ ఒకామె, పనికి బయల్దేరిన నీలవేణిని గుర్తుపట్టింది. కొండబాబు భార్య కూర్మమ్మ.

"ఆయన ఒడిశాలో పారాదీప్ రేవుకి ఎల్లిపోనాడండి. ఎరువుల ఓడలు దింపుతన్నాడు. నెలకోపాలి వస్తాడు." తర్వాత అడిగింది, "మేడం, ఒక్క మాట సెప్పండి. ఆ డ్రమ్ముల్లో ఉన్నది సెడ్డదేనా?"

"తెలీదు కూర్మమ్మా."

"తెలీకుండానే ఆపేసేరా?"

"తెలీకే ఆపేను."

కూర్మమ్మ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు తలూపింది. ఒప్పుకున్నట్టూ లేదు, తిట్టినట్టూ లేదు.

"పని ఖాళీ వస్తే నేనే ఫోన్ చేస్తాను. నంబరియ్యి" అంది నీలవేణి.

"ఇస్తాను గానండి, ఆడు రాడు. ఆ గేటు మొహం సూడనన్నాడు." అయినా నంబరు చెప్పింది. బస్సు రాగానే జనంలో తోసుకుంటూ ఎక్కి, కిటికీ పక్క సీటు మీద కొంగు వేసి, "మీరూ రండి మేడం, సోటుంది" అని పిలిచింది.

నీలవేణి వెళ్లి పక్కన కూర్చుంది. బస్సు ఊరు దాటుతుండగా ఫోన్ మోగింది. ఇటలీ సరుకున్న ఓడ కొలంబోలో నాలుగు రోజులు ఆగిపోయిందట. ఆమె బ్యాగులోంచి పుస్తకం తీసి, గోడౌన్‌లో ఇంకా ఎన్ని రోజుల సరుకుందో లెక్క వెయ్యడం మొదలుపెట్టింది.