ఎనిమిదో కాలు

ఎవరింట్లో చేపల తొట్టికి స్టాండు చేయబోయినా, వడ్రంగి టేపు బయటికి తీయకముందే ఒక మాట అడిగేవాడు. "మీ ఇంట్లో అబద్ధాలు ఏపాటి?" ఎవరూ నొచ్చుకునేవారు కాదు. నిలవ నీళ్ల ఎదుట అబద్ధమాడితే నీళ్లు బరువెక్కుతాయని అందరికీ తెలిసిందే. బిందెలోవి పూటపూటా వాడేస్తారు గనుక తెలియదు, తొట్టిలోవి అక్కడే ఉండిపోతాయి. మామూలు సంసారానికి అతను బరువు లెక్కలో యాభై కిలోలు కలిపేవాడు. వకీలుగారింటికి మాత్రం రెండొందలు కలిపి, చెక్క వద్దని ఇనుమే బిగించి వచ్చాడు.

మూతపడిన హోటల్లోంచి ఆరడుగుల తొట్టి చవగ్గా దొరికితే, ఈసారి స్టాండు తన ఇంటికే మొదలుపెట్టాడు. పెళ్లయిన కొత్తలో ఆ హోటల్లోనే, ఆ తొట్టి ముందే, అతని భార్య టీ చల్లారిపోయేదాకా నిలబడిపోయింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి ఒక్కటీ అడగలేదు. ఇదైనా తెచ్చివ్వాలని అతని ఆశ.

వరండాలో కూర్చుని పలక మీదే పెన్సిలుతో లెక్క వేశాడు. నీళ్లు ఐదొందల కిలోలు. గాజు, గులకరాళ్లు కలిపి నూటయాభై. తన అబద్ధాలకి ముప్పై, ఎందుకంటే "రేపిచ్చేస్తా" అనకుండా వడ్రంగి పని నడవదు. భార్యకి సున్నా.

చెక్క పట్టుకున్న బావమరిది ఆ సున్నా వంక చూశాడు. "అక్కకి ఓ పాతికైనా వెయ్యి బావా."

"మీ అక్క నోట అబద్ధం రాదురా."

"పోనీ, నా మాట మీద వెయ్యి."

"మీ అక్క సంగతి నాకంటే నీకు ఎక్కువ తెలుసా?"

బావమరిది రెండో పలక అందించాడు.

ఆరు కాళ్లతో, ఎక్కడా మేకు కనబడకుండా స్టాండు తయారైంది. నీళ్లు నింపి, చేపల్ని వదిలి, భార్యను పిలిచాడు. ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"బాగుందండీ," అంది.

ఎడమవైపు కాలు కిర్రుమంది. కొత్త చెక్క కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాడు.

సర్దుకోలేదు. నెల తిరక్కుండా నడుమ పలక వంగింది. నీళ్లు మార్చినా వారానికే మళ్లీ అంతే. ఏడో కాలు పెట్టాడు. తన నోరే కొంప ముంచుతోందనుకుని, పని ఇచ్చినవాళ్లు ఫోన్ చేస్తే వీధిలోకి వెళ్లి మాట్లాడడం మొదలుపెట్టాడు. అయినా ఎనిమిదో కాలు కావాల్సి వచ్చింది. ఆవిడ తమ్ముడింటికి వెళ్లిన నాలుగు రోజులు మాత్రం స్టాండు ఉలకలేదు పలకలేదు.

ఆవిడ తిరిగొచ్చిన పొద్దున అతను స్టాండు కింద వెల్లకిలా పడుకుని ఆ కాలే బిగిస్తున్నాడు.

"ప్రయాణం బాగా జరిగిందా?"

"బాగానే జరిగింది. మీరే గుర్తొస్తూ ఉన్నారు."

నెత్తిమీద పలక కిర్రుమంది.

అప్పుడతనికి అర్థమైంది. నోరు మూసుకుని కాలు బిగించేసుకుంటే సరిపోయేది. కాపురం నిలబడాలంటే తొమ్మిదైనా పదైనా పెట్టుకోవచ్చు, వడ్రంగి ఇంట చెక్కకి కరువా? కానీ తెలుసుకోవాలనే దురద పాడుది.

"నామీద కోపమా?"

"కోపమెందుకండీ." మళ్లీ కిర్రుమంది.

"ఈ పెళ్లి ఇష్టపడే చేసుకున్నావా?"

"ఇష్టపడే చేసుకున్నాను."

పలక నిలువునా చీలి, అతని కళ్లల్లో చెక్కపొట్టు రాలింది.

ఆవిడ నేలమీద కూర్చుని, వంగి అతని ముఖంలోకి చూసింది. ఆ చప్పుళ్లు మొదటి రోజునుంచీ ఆవిడకూ వినబడుతూనే ఉన్నాయి.

"ఇంకెన్ని కాళ్లు పెడతారండీ? ఏదో ఒకరోజు ఇది మీమీదే పడుతుంది." గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "మీరు చెడ్డవారు కారు. నేనే సర్దుకుపోదామనుకున్నాను, నావల్ల కాలేదు. తమ్ముడింటి దగ్గర గది చూసొచ్చాను. వెళ్లిపోతాను."

స్టాండు కదల్లేదు.

అతనికి ఏడుపొచ్చింది. కింద పడుకునే ఏడ్చాడు. ఆవిడ ఇంకా విప్పని సంచి మళ్లీ చేతికి తీసుకుని గుమ్మందాకా వెళ్లింది. అప్పుడడిగాడు.

"ఇన్నేళ్లలో ఒక్కరోజైనా నాతో సంతోషంగా ఉన్నావా?"

ఆవిడ తొందరపడలేదు. గుమ్మంలో నిలబడి, నిజంగానే వెతుక్కుంది.

"లేదండీ," అంది.

అతను రెండు అరచేతులూ పలకకి ఆనించి ఎదురుచూశాడు. ఇన్నాళ్లూ రావద్దని బతిమాలుకున్న ఆ చప్పుడు, ఇప్పుడొక్కసారి పిసరంత వచ్చినా చాలనుకున్నాడు. వీధి తలుపు మూసుకున్నాక కూడా చేతులు తీయలేదు. చెక్క కిమ్మనలేదు.