తుఫాను వెలిశాక

పొద్దున్నే ఆమె అంట్లు తోముతుంటే వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "చూశావా, చల్లబడింది. రెండు రోజులు అరిచి తనే ఊరుకుంది." కొడుకు ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "నాకు తెలుసమ్మా" అన్నాడు.

ఆ కొడుకు, అంటే ఆమె భర్త, చేసిన ఘనకార్యం చిన్నదేమీ కాదు. ఉపగ్రహాలను నడిపే కేంద్రంలో ఆమెకు షిఫ్టు ఇన్‌చార్జి పని ఇస్తామన్నారు. ఏళ్ళ తరబడి ఆశపడ్డ పని. ఆమెను ఒక్క మాటైనా అడగకుండా అతను ఆమె పై అధికారికి ఫోన్ చేసి, "మా ఆవిడకు ఇల్లు చూసుకోవడమే సరిపోతుంది సార్" అని చెప్పేశాడు. పైగా, నీ నెత్తిన బరువు దించాను పొమ్మన్నాడు. ఆమె అరిచింది, ఏడ్చింది, ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లో ఆడదాని నోరు మూతపడితే గొడవ తీరినట్టే లెక్క.

ఆఫీసులోనూ అదే వరస. సూర్యుడి నుంచి దూసుకొచ్చిన గాలి నిన్నంతా భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసి, తెల్లారేసరికి శాంతించింది. భూమి చుట్టూ ఉండే రేడియేషన్ వలయంలో, ఉపగ్రహాలకు హాని చేసే ఎలక్ట్రాన్లు బాగా తగ్గిపోయాయి. అధికారి హుషారుగా వచ్చాడు.

"తుఫాను పోయింది కదా జాగ్రత్తమ్మగారూ, నిన్న ఆపేసిన ఉపగ్రహం కెమెరా ఇక ఆన్ చేయించండి." ఆ పేరు ఆయన పెట్టిందే. అందరూ నవ్వుతారు, ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"అప్పుడే వద్దు సార్. తుఫాను ఊపులో వలయం ఖాళీ అవుతుంది. శాంతించాక ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని మళ్ళీ నింపుతాయి, ఒక్కోసారి ముందుకంటే ఎక్కువగా. కెమెరా పాడయ్యేది అప్పుడే."

"నింపుతాయని గ్యారంటీ ఉందా?"

"లేదు. కొన్ని తుఫానుల తర్వాత నిండదు కూడా. అయినా ఆన్ చేయను."

ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఆమెకు భయం వేసింది. వలయం నిండకపోతే రేపటి నుంచి అందరి నోళ్ళలో నానాలి. అయినా చెయ్యి కదపలేదు. మధ్యాహ్నం ఎలక్ట్రాన్ల సంఖ్య మెల్లగా పెరగడం మొదలై, సాయంత్రానికి తుఫానుకు ముందున్న స్థాయిని దాటిపోయింది. అధికారి తెర చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఇన్‌చార్జి పని ఎవరికైనా ఇచ్చేశారా సార్?" అని అడిగింది.

"ఇంకా లేదు. మీవారు వద్దన్నారు కదా."

"నన్ను అడగాల్సింది సార్. నేను చేస్తాను."

బయటికి వస్తుంటే భర్త ఫోన్. "ఇంకా రాలేదేం? గొడవ ఎప్పుడో అయిపోయిందిగా."

"మీకు అయిపోయింది. నేను ఆ పని ఒప్పుకున్నాను. వచ్చాక మీతో, అత్తయ్యగారితో కూర్చుని మాట్లాడాలి," అంది. "ఈసారి అరవనులెండి."

"అమ్మా, ఒకసారి ఇటు రా" అని అతను పిలవడం ఫోన్‌లో వినిపించింది. అతను భయపడ్డాడని ఆమెకు అర్థమైంది.