అత్తగారి బీరువాలో బిళ్ళలు

మూడో దుప్పటి ఉతికి ఆరేసి ఆమె వార్డులోకి వచ్చేసరికి భర్త మంచం చుట్టూ అత్తగారు, మరిది, డాక్టరమ్మ, నర్సు చేరి ఉన్నారు. అత్తగారు ఆమె తడిచేతులు చూసి కూడా, "ఎక్కడికి పోయావే? డాక్టరమ్మ గారు నీకోసమే ఆగారు," అంది, ఆమె ఏదో షికారుకు వెళ్ళొచ్చినట్టు.

అతనికి మెదడు పొరలకు క్షయ పట్టింది. మనుషుల్ని పోల్చుకోవడం లేదు. ఒంట్లో హెచ్ఐవి కూడా ఉందని ఆమెకు మొన్ననే చెప్పారు. అప్పట్నుంచీ అత్తగారిది ఒకటే పాట: "నువ్వొచ్చాకే నా కొడుక్కి ఈ గతి. ఎక్కణ్ణించి తెచ్చి అంటించావో!" ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మండినా అతని మూతి తుడుస్తూనే ఉంది, ఆ పని ఇంకెవరూ చెయ్యరు కనుక.

డాక్టరమ్మ కాగితాలు చాపింది. "క్షయ మందులు ఎలాగూ ఇస్తాం. వాపు తగ్గించే ఇంజెక్షన్ హెచ్ఐవి ఉన్నవాళ్ళకి మేలు చేస్తుందో లేదో ఇంకా తేలలేదు. అదే పరీక్షిస్తున్నాం. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తిది. ఎవరికేది వెళ్తుందో మాకూ తెలీదు. ఒప్పుకోకపోయినా వైద్యం ఆగదు."

ఇంట్లో అందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియని సంగతులకు ఆమె ఎప్పుడో అలవాటు పడింది. ఎవరికీ తెలియనిదంటే కాస్త న్యాయంగానే తోచింది.

"హెచ్ఐవి మందులు ఇదివరకు వాడారా? తప్పు చెబితే ఆయన ప్రాణానికే ముప్పు," అంది డాక్టరమ్మ.

"లేదండీ, మొన్నేగా..."

"వాడాడమ్మా," అంది అత్తగారు. కొడుకు ప్రాణం అనేసరికి ఆవిడకు నోరు ఆగలేదు. "ఐదేళ్ళు వాడాడు. నా బీరువాలోనే పెట్టి రోజూ ఇచ్చేదాన్ని. ఒళ్ళు బాగానే ఉందిగా అని ఏడాది కిందట మానేశాడు."

పెళ్ళయి నాలుగేళ్ళు. అన్నం తిన్నాక అతను తల్లి గదిలోకి వెళ్ళి బలం బిళ్ళంటూ ఒకటి వేసుకునేవాడు. మంచినీళ్ళ గ్లాసు అందించింది తనే.

ఆమె సంతకం పెట్టింది. రోగి దగ్గర ఉండే మనిషి అన్నచోట మరిది ఆమె పేరు రాసేసి ఉన్నాడు. అది కొట్టేసి అత్తగారి పేరు రాసింది.

"మరి నువ్వెక్కడికే?"

ఆమె నర్సు ముందు కూర్చుని చెయ్యి చాపింది. "నాకూ రక్తం తియ్యండి."

"పిల్లలున్నారా?" నర్సు మెల్లగా అడిగింది.

"పాప. ఏడాదిన్నర. పొద్దున కూడా పాలిచ్చి వచ్చాను."