రాతి మీద ఖాళీ గడి

నేను ఒక అక్షరాన్ని. కెనడాలో ఉత్తరాన, చలి ఎక్కువ, జనం తక్కువ ఉన్న చోట నాస్కపీ ఆదివాసులు మాట్లాడే భాషలోదాన్ని. నా పలుకు ‘స్క్వా’. మీరైతే సకారానికి కావత్తు, వావత్తు తగిలించి దీర్ఘమిస్తారు. నాలో అవన్నీ ఒక్క గుర్తుగా ఇమిడిపోయాయి. వాళ్ళు స్త్రీని ‘ఇస్క్వావ్’ అంటారు. ఆ మాట నడుమ ఉండేది నేనే.

చాలాకాలం నన్ను చేతులే రాశాయి. కంప్యూటర్లు ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యతోనే గుర్తుపడతాయి కాబట్టి అవి వచ్చాక నాకూ ఒక సంఖ్య కావలసి వచ్చింది. తాతల నాటి నుంచి నోళ్ళలో ఉన్న శబ్దం నిజంగా ఉందో లేదో తేల్చడానికి పెద్దమనుషులు సమావేశాలు పెట్టుకున్నారు. చివరికి ఒక సంఖ్య, ఒక పేరు ఇచ్చారు. అయితే నా రూపం తెలియని యంత్రాలు ఇంకా బోలెడున్నాయి. వాటిలో నా చోట ఒక ఖాళీ గడి కనిపిస్తుంది.

లిడియా ఊరి బడికి పాఠాలు టైపు చేసేది. ఆమెకూ, ఊళ్ళో సగం మందికీ అక్షరాలు దిద్దించింది ఆమె పిన్ని హెస్టర్. ఆ వసంతంలో హెస్టర్ పోయింది. సమాధి రాయి మీద ఏం రాయాలో భర్త సైలస్ చెప్పాడు: “మా పిల్లలకు రాత నేర్పిన స్త్రీ.” లిడియా దాన్ని మా లిపిలో టైపు చేసి దక్షిణాది పట్నంలోని శిల్పికి పంపింది.

శిల్పి చెక్కబోయే నమూనాను ఫొటో తీసి పంపాడు. అందులో నేను లేను, గడి ఉంది. లిడియా చూసింది. తన ఫోను ఇలాగే గడులు చూపిస్తుంటుంది కాబట్టి ఇదీ అదే అనుకుంది. ఫొటోలో అలా జరగదని మనసులో ఒక మూల తెలుసు. కానీ నేల గడ్డకట్టేలోపు రాయి నిలబెట్టాలని బాబాయి తొందరపడుతున్నాడు. అడిగితే ఆలస్యమవుతుంది. సరేనని జవాబిచ్చింది.

రాయి రైల్లో వచ్చింది. పాపం శిల్పి, నాలుగు అంచులూ నున్నగా తీర్చి, గడిని గడిలాగే చెక్కాడు. గుడ్డ తీయగానే సైలస్ వేలితో తడుముతూ చదవసాగాడు. ‘స్త్రీ’ దగ్గర వేలు గోతిలో పడింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నేల చూపులు చూశారు. నేను రాలేకపోయాను. సంఖ్య ఉండీ, పేరు ఉండీ, నన్ను రోజూ ఓపిగ్గా దిద్దించిన మనిషి తలదగ్గరికి రాలేకపోయాను.

లిడియా దాచలేదు. “నేను ముందే చూశాను బాబాయ్. అనుమానం వచ్చింది. అడగలేదు.”

కొత్త రాయి తెప్పిద్దామని ఎవరో అంటే సైలస్ తల అడ్డంగా ఊపాడు. ఇంటికెళ్ళి ఉలి, సుత్తి తెచ్చి లిడియా చేతిలో పెట్టాడు.

“నా వల్ల కాదు బాబాయ్. చెయ్యి వణుకుతోంది.”

“వణకనీ. మీ పిన్ని దగ్గర మొదటిసారి రాసినప్పుడు వణకలేదా?”

ఆమె గడి లోపల నన్ను చెక్కింది. గ్రానైటు మొండిది, ఒక గీత పక్కకు జారింది. సాయంత్రానికి నేను వంకరగా, కాస్త లోతుగా అక్కడ ఉన్నాను. సైలస్ ఆగకుండా వాక్యమంతా చదివి, టోపీ తీసి, ఇంటిదారి పట్టాడు.

ఇప్పుడు వచ్చినవాళ్ళు నన్ను చూసి ముచ్చట పడతారు. గౌరవం కొద్దీ ఈ అక్షరానికి చట్రం కట్టారనుకుంటారు. మొన్న ఒకావిడ లిడియాతోనే ఆ మాట అంది. లిడియా కాదనబోయింది. అంతలో పక్కనున్న సైలస్ అన్నాడు, “అవునమ్మా, గౌరవమే.”

లిడియా తల దించుకుంది. శిక్షిస్తే బాగుండేదని ఆమెకు అనిపించి ఉంటుంది. ఆ రాయి మీదికి రాలేకపోయిన నాకూ అలాగే అనిపించింది.