ఓడ కడుపులో బంక

రండర్రా, దగ్గరకి జరగండి! ఆ గుసగుసలాపండి, పల్లీలు తర్వాత ఒలుచుకోవచ్చు. ఇది కాకినాడ రేవుకి బియ్యం కోసం వచ్చిన ఓడ మాట.

ఖాళీ ఓడ ఒరిగిపోకుండా అడుగు ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకొస్తారు. ఆ నీళ్లు తోడేశాక గోడలకి బంక మిగిలింది. అరచెయ్యి మందం ఉంటుంది. ఊళ్లో చెప్పేటప్పుడు మోకాలి మందం.

"అది ఉత్త పాచి కాదయ్యా, బ్యాక్టీరియా," అన్నాడు ఓడ ఆఫీసరు రాజేంద్ర. "ఇనుముకి అతుక్కుని, చుట్టూ బంక కట్టుకుని కాపురముంటాయి. ఉన్న గాలి తాగేస్తాయి, కింద విషగాలి దాస్తాయి. బూట్లు విప్పొద్దు, జారతావు."

"అచ్చం మా అత్తోరిల్లేనండి!" అన్నాడు గోకడానికి దిగబోతున్న బుల్లియ్య.

"మా అక్కతో చెప్తానుండు బావా," అన్నాడు తాడు పట్టుకున్న బుజ్జిబాబు.

బుల్లియ్య నడుముకి తాడు కట్టుకుని, ట్యాంకు మూత దగ్గర బూట్లు విప్పేశాడు. బుజ్జిబాబు చూసీ ఊరుకున్నాడు. పడవంటే గుడితో సమానం, చెప్పులతో పడవెక్కినవాడు వాళ్ల జాలరి పేటలోనే లేడు. డెక్కు మీదంటే తప్పలేదు గానీ, ఓడ కడుపులోకి బూట్లతోనా?

లోపల గోకుడు చప్పుడు, దాని మీద బుల్లియ్య పాట. పాట మధ్యలో జర్రుమంది. దబ్బుమంది. కుళ్లిన గుడ్ల కంపు పైకి తన్నింది.

"బావా!"



బుజ్జిబాబు కాలు లోపల పెట్టబోతే రాజేంద్ర రెక్క పట్టి లాగాడు. "నువ్వూ దిగితే రెండు శవాలు! తాడు లాగు!"

లాగాడు. తాడంతా బంక. మూర వస్తే బార జారిపోతోంది. అటుపక్క బ్యాక్టీరియా అంతా వరస కట్టి లాగుతున్నట్టే ఉంది. అక్క లోవలక్ష్మి మొహం కళ్లముందు మెదిలింది. ఇంటికెళ్లి ఏం చెప్పాలి? ఆ వెంటే ఆవిడ బొమ్మిడాయిలు తోమే తీరూ మెదిలింది. జారే చేపని బూడిద లేకుండా ముట్టుకోదు.

బూడిదెక్కడ? బియ్యం బస్తాల్లోంచి రాలిన తౌడు డెక్కంతా ఉంది. దోసిళ్లతో ఎత్తి చేతులకీ తాడుకీ రుద్దాడు.

"వల లాగినట్టు లాగండ్రా! హైలెస్సా!"

కళాసీలొచ్చి పట్టారు. ఆఫీసరూ పట్టాడు. ఈసారి తాడు జారలేదు.

బుల్లియ్య పైకొచ్చి, ఒళ్లంతా బంకతో తౌడులో దొర్లి పడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. రాజేంద్ర ఆక్సిజన్ మూతికి పెట్టాడు. ఎవరూ ఊపిరి తియ్యలేదు. ముందు బుల్లియ్యే తీశాడు. దగ్గాడు, కళ్లు తెరిచాడు.

"నా బూట్లేవిరా?"

బుజ్జిబాబు భోరున ఏడ్చాడు.

అప్పుడే భోజనం క్యారేజీలు మోసుకొచ్చిన అప్పాజీ, తౌడు పట్టిన బుల్లియ్యని కిందనుంచి మీదదాకా చూసి అడిగాడు:

"ఉప్పూ కారం కూడా పట్టించారాండీ, నన్ను తెమ్మంటారా?"