వెనకాలే వస్తున్న బస్సు

ముప్పై తొమ్మిదో కిలోమీటరు దగ్గర దర్జీ కుడి పిక్క పట్టేసింది. వెనక్కి తిరిగి చూశాడు. వెనకబడ్డవాళ్లను ఎక్కించుకునే బస్సు ఇరవై అడుగుల దూరంలో ఉంది. అది దాటిందంటే అతని మారథాన్ అక్కడితో సరి. ఊరి ఆసుపత్రిలో ఉన్న ఒక్క డయాలిసిస్ యంత్రమూ మూలపడింది. అతను పరుగు పూర్తి చేస్తే కొత్తది ఇస్తానని మిల్లు యజమాని మాటిచ్చాడు. అది రాకపోతే మేనకోడలు దక్కదు.

ఆ బస్సు నడుపుతున్నది ఆ పిల్ల తండ్రే. పక్క సీట్లో పోటీల అధికారి గడియారం చూసుకుంటున్నాడు.

“ఇరవయ్యేళ్లు మిషను తొక్కిన కాళ్లురా అవి బావమరిదీ! కదుపు!” అని బావ కిటికీలోంచి అరిచాడు.

“నావల్ల కావట్లేదు బావా!” దర్జీ కాలీడుస్తూ ఏడ్చేశాడు.

“టైమైపోయింది, దాటించవయ్యా,” అన్నాడు అధికారి.

ముందు చక్రం దర్జీ పక్కకి వచ్చింది. అంతలో ఇంజను ఆగింది. బావ తాళంచెవి జేబులో వేసుకుని, బానపొట్టతో కిందికి దూకాడు.

“ఏయ్! ఉద్యోగం ఊడుతుంది!” అధికారి కేకలు పెట్టాడు.

“తాళంచెవి కావాలంటే నా వెంట పరుగెత్తండి సార్!”

“బావా, నీ ఉద్యోగం...”

“ఆ తిట్లు మీ అక్క తిడుతుందిలే. ముందు నువ్వు పదరా!”

ముట్టుకుంటే దర్జీని పోటీలోంచి తీసేస్తారు. అందుకే బావ చేతులు వెనక్కి కట్టుకుని, చెప్పులు టపటపలాడిస్తూ పక్కనే పరుగెత్తాడు. ఇంకా మూడు కిలోమీటర్లుంది.